నాచారంలో టేపు వేసిన బటన్

కృత్రిమ మేధ మనుషుల కొంప ముంచుతుందా అని నాచారంలో ఒక కాలనీ హాల్లో శనివారం చర్చ పెట్టారు. ముంచగలదని వాదించడానికి ఒప్పుకున్నది నేనొక్కదాన్నే. ఉప్పల్‌లో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునే దానివి, నీకెందుకీ గొడవ అన్నారు ఇంట్లో. అంతకు వారం ముందు ఏర్పాట్ల సమావేశంలో, అవతలి పక్షాన మాట్లాడే కిరణ్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు "మరీ ముదిరితే ప్లగ్గు పీకేస్తే అయిపోద్ది మేడమ్" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు నాకు అరగలేదు.

జవాబు వెతుక్కుంటూ మూడు గంటల ముందే బయల్దేరాను. రెండింటికి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హబ్సిగూడలో దిగితే, కింద నాచారం షేర్ ఆటోలు ఉంటాయి. ఆటో అతను ఇరవై రూపాయలు తీసుకున్నాడు. పారిశ్రామికవాడలో ఒక షెడ్డులో నా పాత విద్యార్థి తండ్రి యాదగిరి అన్న రేకులు కోసే ప్రెస్ నడుపుతాడు. ఆయన కుడిచేతికి మూడు వేళ్లే. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు షెడ్డు బయట చాయ్ తాగుతూ అడిగేశాను.

"ప్రెస్సుకు రెండు బటన్లుంటయి మేడం. రెండు చేతులతోని ఒత్తితేనే దిగుతది. చేతులు బయటుండాలెనని గట్ల పెట్టిన్రు."

"మరి వేళ్లెలా పోయాయి?"

"ఒక బటన్ ఒత్తిపెట్టి టేపు ఏస్తం. ఒక చెయ్యి ఖాళీ అయితది, దాంతోని లోపల రేకు పెడుతుంటే పీసులు మస్తు వస్తయి. లైన్ల అందరు గట్లనే జేస్తరు. ఆ టేపు నేనే ఏసిన. మిషిన్‌కు నా మీద పగేం లేదు."

నాకు కావలసిన జవాబు అదే. సాయంత్రం హాల్లో నువ్వే చెప్పన్నా అన్నాను.

"గా హాల్ల అధ్యక్షుడు మా సేటే గద. నోరు తెరిస్తే పని పోతది. నా పేరు రానియ్యకుండ మీరే జెప్పున్రి."

ఐదింటికి చర్చ మొదలైంది. కిరణ్ బాగా మాట్లాడాడు. ఈ యంత్రాలు రేపు జబ్బులకు మందులు వెతుకుతాయి, భయపడి ఆపితే నష్టం మనకే అన్నాడు. అది నిజమేనని ఒప్పుకున్నాను. ప్లగ్గు దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. ఆపే బటన్ ఉన్నా, పక్కవాడు ముందుకెళ్లిపోతాడన్న తొందరలో దాని మీద టేపు వేసేది మనమేనని, ఊరు పేరు లేకుండా ప్రెస్ సంగతి చెప్పాను. ప్రెస్ రెండు వేళ్లతో ఆగింది, మనకన్నా తెలివైన యంత్రం దగ్గర ఆ తప్పు దిద్దుకునే అవకాశం రాకపోవచ్చన్నాను.

సేటు మైకు అందుకున్నాడు. "ఏ షెడ్డుల జేస్తరు గిట్ల? కథలు జెప్పకున్రి."

"మన షెడ్డులనే సేటు," అని వెనక వరుస నుంచి వినిపించింది. యాదగిరి అన్న లేచి నిలబడ్డాడు. ఆయన వచ్చిన సంగతే నాకు తెలియదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఓటింగులో నేను చిత్తుగా ఓడిపోయాను. నా వైపు లేచినవి ఆరు చేతులు. అందులో ఒకటి మూడు వేళ్లది.

సోమవారం యాదగిరి అన్న ఫోన్ చేశాడు. "టేపులన్ని పీకిచ్చిన్రు మేడం. నన్ను మాత్రం రావద్దన్నరు. ఫికర్ లేదు, చర్లపల్లిల ఇంకో షెడ్డు సూస్తున్న." నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. భయపెడుతున్నానని నన్ను ఎవరేమనుకున్నా సరే, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్తాను, ఇదే చెప్తాను.

మీరూ ఇలాంటి చర్చకు వెళ్తుంటే ఒక సూచన. హాలుకు తిన్నగా వెళ్లకండి, ముందు ఒక షెడ్డు దగ్గర ఆగి చాయ్ తాగండి. ఆపే బటన్ ఉంది కదా అని హాల్లో ఎవరైనా అంటే, దాని మీద ఇప్పుడు టేపు ఉందో లేదో చూసి వచ్చారా అని అడగండి.