అవ్వ కొంగుముడి

మా అత్తకు కొంగుముడే అలమారా. ఆకువక్క, మనవరాలికిచ్చే పిప్పరమెంట్లు, తన షుగర్ గోళీలు అన్నీ అందులోనే. గోళీల పట్టీ నడుముకు గుచ్చుకుంటుందని వాటిని ముందే ఒలిచి ముడేసుకునేది. వద్దని ఎంత మొత్తుకున్నా నా మాట గాలికే పోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే, మూడేళ్లు నిండని నా బిడ్డ ముడి విప్పుకుంది. నేను మగ్గం దిగి వచ్చి చూస్తే పిప్పరమెంట్లూ లేవు, గోళీలూ లేవు. పిల్ల పెదవులకు తెల్లటి పొడి అంటుకుని ఉంది.

ఇక వాడకట్టంతా వైద్యులే. ఒకామె ఉప్పునీళ్లు కలిపింది, ఇంకొకామె చింతపండు పిసికింది. "కక్కితే అన్నీ పోతయ్, తాగనియ్యి" అంటూ మరొకామె పిల్ల దవడలు పట్టుకుంది. నేను గ్లాసు గుంజి పారబోసి, బిడ్డను ఎత్తుకుని మా ఆయనతో ఆటో ఎక్కాను. నల్గొండ చేరేలోపే పిల్లకు ఒళ్లంతా చెమట, తల వాలిపోతోంది. నాకు భయం ఎంతుందో కోపం అంతకు రెండింతలుంది.

"ఏం గోళీలు? పట్టీ తెచ్చిన్రా?" దవాఖానలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట. పట్టీ ఎక్కడిది!

"తెల్లగ, చిన్నగ ఉంటయి మేడం" అన్నాడు మా ఆయన.

"అన్ని గోళీలు గట్లనే ఉంటయి" అని ఆమె కసిరింది.

షుగర్‌వేనని నేను అరిచినట్టే చెప్పాను. పిల్ల వేలు గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర అడుగంటింది. వెంటనే గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికి బిడ్డ కళ్లు తెరిచి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను.

"మంచిగైంది గద, ఇంటికి పోదాం" అన్నాడు మా ఆయన. గోళీల ప్రభావం తగ్గేదాకా చక్కెర మళ్లీ పడిపోవచ్చని, రేపటిదాకా కదలొద్దని డాక్టరమ్మ అప్పుడే చెప్పి వెళ్లింది. ఆయన చెవిన పడితేగా! మంచం పట్టె పట్టుకుని నేను కదల్లేదు.

మర్నాడు పొద్దున అత్త వచ్చింది, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో. మనవరాలి పక్కన కూర్చుని, మందు వేసుకునే వేళైందని కొంగుముడి విప్పింది. అందులో మళ్లీ ఒలిచిన గోళీలు. నా ఒళ్లు మండిపోయింది.

"ఇంకా బుద్ధి రాలేదా అత్తా? ఇంట్ల పెట్టరాదా?"

"ఇంట్ల యాడ పెట్టాలె బిడ్డా? ముందటింట్ల మగ్గం, ఎనకింట్ల మీ బీరువ. నాకేడున్నది జాగా?"

 నా బిడ్డ సూది గుచ్చిన చేయి చాచి, అలవాటుగా అవ్వ కొంగు పట్టుకుంది.