పండుటాకు టీచరుగారు

డెబ్బైల చివర్లో నరసాపురం ఆడపిల్లల బళ్ళో నేను తెలుగు చెప్పేదాన్ని. పక్క తరగతి సైన్సు టీచరుగారిది. పండుటాకు కనబడితే చాలు, ఆవిడ వంగి తీసి, ఒక కన్ను మూసి, వెలుతురుకెత్తి చూసేది.

"పసుపు కొత్తగా రాలేదర్రా, మొదట్నించీ ఉంది. ఆకు ముదిరాక హరితరేణువులు కరిగి, వాటి సారం చిగుళ్ళకి పోతుంది. అప్పుడు ఈ పసుపు బయటపడుతుందంతే."

పిల్లలందరూ ఒంటికన్నుతో ఆకులెత్తేవారు. నేను గొంతు చించుకుని పాడిన పద్యం మాత్రం గంట కొట్టగానే మరిచిపోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మా అమ్మాయీ ఆ తరగతే. ఒక ఉదయం తాలింపుకి కరివేపాకు తెమ్మంటే, పండిన ఆకొకటి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిపోయింది, ఒక కన్ను మూసుకుని.

"అమ్మా, ఈ పసుపు మొదట్నించీ ఉందంట, తెలుసా?"

"నిన్న నేను చెప్పిన పద్యం అప్పజెప్పు."

"నువ్వు ఇంట్లోనే ఉంటావుగా అమ్మా, ఎప్పుడైనా చెప్పించుకోవచ్చు," అంది, ఆకు మీంచి చూపు తిప్పకుండా.

ఆకు లాక్కుని మూకుట్లో పడేశాను. పచ్చాకుల్లాగే అదీ చిటపటలాడింది.