వెంకట్రాజం వైపు అంచు

కొత్తవాడలో నేల మీద పరిచే జంఖానాలు నేసేవాళ్ళు జంటగా కూర్చుంటారు. నేలకు జానెడెత్తున పడుగు బిగించి ఉంటుంది. దాని ముందు తవ్విన గుంటలోకి కాళ్ళు వదిలి, భుజానికి భుజం ఆనించి, చెరో సగం నేస్తారు. నూలు దూర్చడం, ఇనుప పళ్ళున్న పంజాతో దిగ్గొట్టడం, మళ్ళీ దూర్చడం. ఇద్దరి దెబ్బా ఒక్కసారే పడాలి. అందుకే ఆ వాడలో పెళ్ళిచూపులప్పుడు పిల్ల రంగు అడగరనీ, కుడి పక్క కూర్చుంటుందా ఎడమ పక్కా అని అడుగుతారనీ అక్కడి ముసలి నేతగాడు వెంకట్రాజం తాత చెప్పేవాడు. ఆయన చెప్పేవాటిలో సగం తీసేసి వినాలి. మిగిలిన సగం ఆయన పెళ్ళాం చిలుకమ్మ తీసేసేది.

తాతది కుడి పక్క, చిలుకమ్మది ఎడమ పక్క. పెళ్ళయిన మూడో నాటి నుంచి అంతే. ఆ కుడి పక్క చోటు నిలబెట్టుకోవడానికి తాత తన తలకాయతోనూ గుండెకాయతోనూ కలిసి పెళ్ళానికి చేసిన మోసం ఒకటుంది. మోసం చేయడం ఆయనకు బొత్తిగా చాతకాదు కాబట్టి అది అందరికీ తెలిసిపోయింది.

తాతకు అరవై రెండో ఏడు నడుస్తుండగా, చలికాలంలో ముందు కాళ్ళు వాచాయి. తరువాత వీధి చివర దాకా నడిస్తే ఆయాసం వచ్చింది. ఛాతీలో పిట్ట కొట్టుకుంటున్నట్టుందని ఆయన అంటే, "పిట్ట గాదు, నీ బీడీలు" అని చిలుకమ్మ రిక్షా పిలిచి పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరు మీసం సరిగ్గా రాని పడుచువాడు. నాడి పట్టుకుని, భ్రుకుటి ముడేసి, వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. ఛాతీకి తీగలు తగిలించి, యంత్రంలోంచి ఒక పొడుగాటి కాగితం లాగాడు. గుండె పై గదులు కొట్టుకోవలసింది పోయి వణుకుతున్నాయనీ, అందుకే దెబ్బలు ఒక లెక్కలో పడడం లేదనీ గీతలు చూపించి చెప్పాడు.

"నేసేటోళ్ళిద్దరికి పడకపోతె ఎట్లుంటదో గట్లనా సార్?" అని అడిగాడు తాత.

"అట్లనే అనుకో."

చిలుకమ్మ ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది నేసినోడెవడో గని సార్, ఒక్క వరస సక్కగ పడలే."

"మీ ఆయనే నేశాడమ్మా," అన్నాడు డాక్టరు.

గుండె వేగం తగ్గడానికి రోజుకొక చిన్న మాత్ర, ఒంట్లో నీరు తీసేయడానికి ఇంకొక మాత్ర రాశాడు. ఉప్పు తగ్గించమన్నాడు. నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చి చూపించుకోమన్నాడు. తాత మొదటి మూడు మాటలూ మూటగట్టుకుని నాలుగో మాట అక్కడే వదిలేసి వచ్చాడు.

నెలలోపే వాపు దిగిపోయింది. ఆయాసమూ పోయింది. బాగైన మనిషి దవాఖానకెందుకని తాత వాదన. మందుల దుకాణంలో పాత చీటీ చూపిస్తే రెండు మాత్రలూ ఇచ్చేవారు. రోజూ తెల్లారగానే రెండూ నోట్లో వేసుకుని, దేవుడి పటానికి మొక్కినట్టు ఆ చీటీని కళ్ళకద్దుకునేవాడు. ఇక ఉప్పు సంగతి. తగ్గించమంటే ఆయన పూర్తిగా మానేశాడు. మానేసి ఊరుకోలేదు, ఊరంతా చెప్పుకున్నాడు. చాయ్ దుకాణంలో ఎవరైనా మిర్చిబజ్జీ కొరుకుతుంటే, "తినున్రి, తినున్రి. నాలుకను గెలుచుడు అందరితోని గాదు" అని పక్కన నిలబడి ఆశీర్వదించేవాడు.

"చప్పిడి కూర వండీ వండీ నా చేతుల రుచే పోయింది," అని చిలుకమ్మ గొణిగేది. "గెలుస్తాండట!"

ఏడాది గడిచింది. ఎండలు ముదిరాయి. అప్పుడు మొదలైంది అసలు కథ.

ఒక మధ్యాహ్నం తాత గుంటలోంచి కాళ్ళు తీసి లేచి నిలబడ్డాడు. కళ్ళ ముందు నల్ల దుప్పటి కప్పినట్టయింది. గోడకు తగిలించిన నూలు చిలపలు గిర్రున తిరిగాయి. చేతికి ఏదో దొరికితే పట్టుకున్నాడు. నాలుగు ఊపిర్లు తీసేసరికి గోడ గోడలా నిలబడింది. చిలుకమ్మ అప్పుడు వంటింట్లో ఉంది. తాత మీసం సవరించుకుని, ఏమీ ఎరగనట్టు పెరట్లోకి నడిచాడు.

మర్నాడూ అంతే. ఆ తరువాత రోజుకు మూడు నాలుగు సార్లు. కూర్చున్నంతసేపు ఏమీ లేదు, లేస్తేనే. ఈ మాట పెళ్ళానికి చెబితే పోయేదే. కానీ తాత ఎందుకు చెప్పలేదంటే, వీధి మొగదల మొగిలి ఉన్నాడు కాబట్టి. మొగిలి చూపు తగ్గి మగ్గం మీంచి దిగాక అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుట్టేవాడు. పిల్లలు, ముసలమ్మలు చేసే పని అది. దారిన పోయేవాళ్ళందరినీ ఎక్కడికి పోతున్నావని అడగడం తప్ప మొగిలికి వేరే పని ఉండేది కాదు. పైగా చిలుకమ్మ తమ్ముడు కట్టయ్య నర్సంపేటలో ఖాళీగానే ఉన్నాడు. వాడికి నేత వచ్చు. కబురు పెడితే మొదటి బస్సుకే దిగి కుడి పక్క కూర్చుంటాడు. తాతకు కలలో కూడా కట్టయ్య మోచేయి కనిపించేది.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. పడుగు బిగించి ఉంచే లావుపాటి తాడు ఆయన పక్కనే గుంజకు కట్టి ఉంటుంది. లేచేటప్పుడు దాన్ని గట్టిగా పట్టుకుని, నల్లదుప్పటి తొలగేదాకా వేలాడుతూ, చూసేవాళ్ళకు మాత్రం పడుగు బిగువు చూస్తున్నట్టు మొహం పెట్టేవాడు. ఎంత శ్రద్ధగా చూసేవాడంటే, "ఈ నడుమ పని మీద మనసు బాగ వెట్టిండు" అని చిలుకమ్మే మురిసిపోయింది.

మడికొండలో చుట్టాల పెళ్ళికి పోయినప్పుడు మాత్రం తాడు లేదు. బంతి భోజనం ముగిసి వరసంతా ఒక్కసారే లేచింది. తాత లేస్తే పక్కవాడి ఒళ్ళో పడతాడు. లేవకపోతే పరువు పోతుంది. రెండింటిలో పరువు పోవడమే నయమనుకుని కూర్చుండిపోయాడు. వడ్డించేవాడు అది చూసి, పాపం ఇంకా ఆకలి తీరలేదనుకుని పప్పు వేశాడు. తాత తిన్నాడు. పులుసు పోశాడు. అదీ తిన్నాడు. గారెలు, మామిడికాయ తొక్కు, మళ్ళీ పప్పు. రెండో బంతి జనం వచ్చి చుట్టూ కూర్చున్నా మొదటి బంతి తాత ఇంకా తింటూనే ఉన్నాడు.

"ఇంట్ల నేను తిండి వెడతలేనా? ఇజ్జత్ దీసినవ్ గదయ్యా," అని చిలుకమ్మ దారి పొడుగునా ఏకిపెట్టింది. "ఉప్పు ముట్టనోడు తొక్కు ఎట్ల నాకిండో సూడు!"

విచిత్రం ఏమంటే ఆ మరుసటి రోజంతా తాతకు తల తిరగలేదు. ఆ పుణ్యం పెళ్ళిలో వేసిన అక్షింతలదని ఆయన నిర్ధారించుకున్నాడు.

అప్పట్లో వాళ్ళ మగ్గం మీద హన్మకొండలోని ఒక బడి హాలు కోసం పెద్ద జంఖానా సాగుతోంది. చేనేత సంఘం తరఫున సరుకు చూసుకునే కిషన్ రావు అది పూర్తయ్యాక తీసుకుపోవడానికి వచ్చాడు. వాకిట్లో పరిచి, చివర నిలబడి, ఒక కన్ను మూసి చూశాడు.

"చిలుకమ్మా, నీ వైపు అంచు గీత గీసినట్టున్నది. ఈయన వైపు పాము పోయినట్టున్నది. హాలుల ఏస్తె పిల్లలు నవ్వుతరు. ఇది చిన్న ముక్కలు జేసి అమ్ముకుందం గని, ఇంకోటి నేసియ్యున్రి."

నలభై ఏళ్ళలో తాత వైపు అంచు వంకర పోవడం అదే మొదలు. ఆయన నూలును తిట్టాడు, ఎండను తిట్టాడు, పంజా పళ్ళు అరిగాయన్నాడు.  మర్నాడు కొత్త పడుగు బిగించాక చిలుకమ్మ వంటింట్లోకి పోయినట్టే పోయి, తలుపు సందులోంచి చూసింది. తాత లేచాడు. తాడు పట్టుకుని వేలాడాడు. కళ్ళు మూసుకుపోయాయి, పెదాలు తెల్లబడ్డాయి. ఆయన బరువుకు గుంజ దగ్గర ముడి బెత్తెడు జారింది. ఆ వైపు పడుగు వదులైంది. అంచు మీద పాకిన పాము ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థమైంది.

"ఎన్ని దినాల సంది?" అన్నది తలుపు తీసి.

"ఏంది?"

"తాడును అడుగాల్నా, నిన్ను అడుగాల్నా?"

తాత పంజా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "నెలన్నర," అన్నాడు.

"ఆ ఇనుప పండ్ల మీద పడితె మొకం జల్లెడ అయ్యేది. నెలన్నర సంది పక్కకు పక్క కూసుంటాన, నాతోని ఒక్క ముక్క చెప్పలే!" కోపంలో చిలుకమ్మ గొంతు పెద్దదవుతుంది. ఆ రోజు చిన్నదైంది. తాతకు తల తిరగడం కంటే అదే ఎక్కువ భయం వేసింది. తనే పోయి రిక్షా పిలుచుకొచ్చాడు.

పడుచు డాక్టరుకు ఈ ఏడాదిలో మీసం వచ్చింది. తాతను పడుకోబెట్టి చేతికి రబ్బరు పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు. నిలబెట్టి మళ్ళీ చూశాడు. "పడుకుంటే వంద. నిలబడితే డెబ్బై."

"నిలవడంగనే ముప్పై ఎటువోయినయ్ సార్?"

"కాళ్ళలోకి. పైకి రావలసిన రక్తం అక్కడే ఆగుతోంది. సరే, ఏ మందులు వాడుతున్నావు?"

తాత గర్వంగా చీటీ తీసి ఇచ్చాడు. డాక్టరు దాన్ని చూసి నెత్తి పట్టుకున్నాడు.

"నీరు తీసే మాత్ర ఇంకా మింగుతున్నావా?"

"ఒక్క దినం తప్పలే."

"వాపు పోయి ఏడాదయింది గదయ్యా!"

"మీరు ఆపుమనలే గద సార్."

"ఆపమందామంటే నువ్వు వస్తేగా!" డాక్టరు చిలుకమ్మ వైపు తిరిగాడు. "ఉప్పు?"

"మొత్తానికే బందువెట్టిండు. పెండ్లిల తప్ప."

పెళ్ళి మర్నాడు తల ఎందుకు తిరగలేదో అక్షింతల కంటే బాగా డాక్టరు వివరించాడు. వాపు పోయాక కూడా ఆ మాత్ర ఒంట్లో నీళ్ళు లాగేస్తూనే ఉంది. ఉప్పు లేక ఉన్న నీరు నిలవడం లేదు, పెళ్ళిలో తొక్కు తిన్నప్పుడే కాస్త నిలిచింది. ఎండల్లో చెమట వేరే. మామూలు గుండె అయితే కాస్త సర్దుకునేది. ఈ గుండె అసలే లెక్క తప్పింది. నీటి మాత్ర ఆపేయమన్నాడు. చిన్న మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకోవాలి, సొంతంగా పెంచకూడదు, తగ్గించకూడదు. కూరలో కొద్దిగా ఉప్పు వేయాలి. మజ్జిగ, నీళ్ళు బాగా తాగాలి. కాలి వేళ్ళ నుంచి మోకాలి దాకా గుడ్డపట్టీ బిగించి చుట్టాలి. మళ్ళీ వాపు గానీ ఆయాసం గానీ వస్తే ఆ రోజే రావాలి. రాకపోయినా పదిహేను రోజులకు రావాల్సిందే.

"ఇంకొకటి. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకు. కాళ్ళు పైకి తీసి కాసేపు కూర్చో. తరువాత మోకాళ్ళ మీద. ఆ తరువాత నిలబడు. తల తిరిగినట్టయితే దేన్నీ పట్టుకుని వేలాడకు. ఉన్నచోటే కూలబడు, పక్కవాళ్ళకు చెప్పు."

"చెప్పాల్నా?" అన్నాడు తాత. మాత్ర ఆపడం సులువే, ఇది కష్టం.

ఆ సాయంత్రం ఉప్పు వేసిన పప్పు నోట్లో పెట్టుకుని తాత కాసేపు నమలడం మరచిపోయాడు. నాలుకను గెలిచినవాడు మూడుసార్లు కలుపుకున్నాడు. తొక్కు జాడీ కోసం చేయి చాపితే, చిలుకమ్మ దాన్ని తీసి అటక మీద పెట్టింది.

"కొద్దిగ అన్నడు డాక్టరు. నీకు ఏదైన ఉంటె మొత్తం ఉండాలె, లేకుంటె మొత్తం లేకపోవాలె." తరువాత కూర్చుని నెమ్మదిగా అన్నది. "ఇగో, ఇను. తల తిరిగినప్పుడల్ల తిరుగుతాందని చెప్పు. చెప్పినన్ని దినాలు ఆ పక్క నీదే. ఒక్కసారి దాసినవంటె నర్సంపేటకు కార్డు రాయిస్త."

తాత ఒప్పుకున్నాడు. కొత్త జంఖానా మొదలైంది. చిలుకమ్మ పాత ధోవతి చింపి కాళ్ళకు పట్టీలు చుట్టేది. అవి వేసుకుని తాత పోలీసు జవానులా నడిచేవాడు. పది రోజులకు తల తిరగడం సగానికి తగ్గింది. ఉన్న సగాన్ని చెప్పడం మాత్రం నోటికి రాలేదు. "ఊఁ" అనేవాడు, దగ్గేవాడు. "మనిషి భాషల చెప్పు" అని చిలుకమ్మ పంజా ఆపేది. అప్పుడు గోడకు చెబుతున్నట్టు చెప్పేవాడు.

కిషన్ రావు మళ్ళీ వచ్చేసరికి ఆఖరి వరస పడుతోంది. సైకిలు నిలబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోయినసారి పాము సంగతి ఆయన మొహంలో ఇంకా ఉంది. జంఖానా కోసి మగ్గం మీంచి దించగానే, "రా వెంకట్రాజం, ఆ కొస వట్టు. మడిచి సూద్దాం," అన్నాడు.

పరాయి మనిషి ముందు కాళ్ళు తీయడం, కూర్చోవడం, మోకాళ్ళు, ఇదంతా చంటిపిల్లవాడి నడకలా అనిపించింది తాతకు. ఒక్క ఊపున లేచాడు. నల్లదుప్పటి వచ్చేసింది. చేతికి బెత్తెడు దూరంలో తాడు వేలాడుతోంది. పట్టుకుంటే సరిపోతుంది. పడుగు కూడా లేదు, ఏ అంచూ వంకర పోదు. చిలుకమ్మ అటు తిరిగి నూలు ముక్కలు ఏరుతోంది. కిషన్ రావుకు కనబడితే, ఈ ముసలివాడికి ఇక పని ఇవ్వడం దండగ అని రాసుకుంటాడు. తాడు తాత అరచేతికి తగిలింది కూడా.

"చిలుకా," అన్నాడు గట్టిగా. "తల తిరుగుతాంది."

అని కొత్త జంఖానా మీద దభాలున కూలబడ్డాడు.

కిషన్ రావు అదిరిపడ్డాడు. చిలుకమ్మ పరుగు పెట్టలేదు. నడిచి వచ్చి, ఆయనను పడుకోబెట్టి, నూలు మూట లాగి కాళ్ళ కింద పెట్టి, ఉప్పేసిన మజ్జిగ తెచ్చి పక్కన ఉంచింది. తాత మొహంలోకి రంగు వచ్చేదాకా అక్కడే కూర్చుంది. తరువాత లేచి తనే ఒక కొస పట్టుకుంది. రెండో కొస కిషన్ రావు పట్టుకోక తప్పలేదు.

"గట్ల గాదు సార్," అన్నాడు తాత పడుకునే. "జర గుంజి వట్టున్రి."

కిషన్ రావు గుంజి పట్టాడు. చూసుకున్నాడు. రెండంచులూ గీత గీసినట్టు కలిశాయి. మడిచి సైకిలుకు కట్టుకున్నాడు. జేబులోంచి పుస్తకం తీసి, చిలుకమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"వచ్చే నెల ఇంకో రెండు కావాలె. మరి ఈయన గిట్ల పడిపోతాండు గద. నీ పక్క ఎవరి పేరు రాయాలె?"

"పడిపోలే సార్, చెప్పి కూసున్నడు," అన్నది చిలుకమ్మ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "ఆయన పేరే రాయున్రి. నాకంటె ముందు రాయున్రి. పండుకోని ఇంటాండు."