పిలిచేది మన పని

చర్చి గేటుకి చావు నోటీసు అంటిస్తే చాలదు, పెద్దయ్యా. మా సారు అట్లా ఎవరినీ సాగనంపలేదు.

చర్చి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మా సారు నిన్న తెల్లవారుజామున మదనపల్లెలో పోయారు. రేపు మూడింటికి సమాధి. ఇంటింటికీ వెళ్లి పిలుస్తానంటే సంఘపెద్ద నవ్వాడు. "ఎనిమిదితోనే బడి మానినోడివి. నువ్వు పిలిస్తే ఎవురొస్తారప్పా?"

ఆయనకు నా జవాబు పైన రాసిన మొదటి మాటే. ఎవరూ రారేమోనన్న భయం మాత్రం నాకూ ఉంది. పుంగనూరులో, కుప్పంలో సారు దగ్గర చదివినవాళ్ల గుమ్మాల ముందు నోరు పెగలకపోతే చేతికివ్వడానికి ఇది రాస్తున్నాను.

సంఘంలో ఎవరు పోయినా పిలిచేది సారే. ఫోను ఉన్న ఇంటికైనా నడిచే వెళ్లేవారు. తలుపు తట్టేవారు కాదు. వీధిలో చెప్పులు విడిచి, పేరు పెట్టి పిలిచి, మనిషి గడప దాటి వచ్చాకే వార్త చెప్పేవారు.

సమాధుల తోట బోర్డు మీద పొడవాటి ఇంగ్లీషు మాట ఒకటి ఉంది. "చర్చిది అంటే సాలు గదా సార్, ఎక్లీజియాస్టికల్ అని యాల?" అని ఒకసారి అడిగాను.

"అది శానా దేశాలు తిరిగొచ్చిందిలేరా. మొదట గ్రీకోళ్లది. కేకేస్తే ఇండ్లల్లోంచి బయటికొచ్చి కూడిన జనం, ఎక్లేసియా. లాటినోళ్లు తీసుకుండ్రి, ఫ్రెంచోళ్లు, స్పెయినోళ్లు చర్చికే ఆ పేరు పెట్టుకుండ్రి. ఇంగ్లీషోళ్ల చర్చి వేరే గ్రీకు మాట, 'ప్రభువుది' అని. ఈ బోర్డు మీద మాత్రం పాతదే నిలిచుండాది. గోడలది కాదురా ఆ మాట. పిలిస్తే వచ్చినోళ్లది."

ఒకసారి నన్ను ఒంటరిగా పుంగనూరు పంపారు, ఒకామెకు అన్న పోయాడని చెప్పడానికి. పచ్చ తలుపు ముందు నిలబడ్డాను. పిలవలేకపోయాను. తిరిగొచ్చి, "ఇంట్లో ఎవురూ లేరు సార్" అన్నాను. ఆమెకు ఆఖరి చూపు దక్కలేదు.

మర్నాడు సారే వెళ్లొచ్చారు. "ఆయమ్మ నిన్న పొద్దంతా ఇంట్లోనే ఉండింది," అన్నారు. తిట్టలేదు. "వచ్చేది రానిది వాళ్లిష్టం. పిలిచేది మన పని. పారిపోగూడదు," అన్నారు.

ఇప్పుడు ఆయన ఐసు పెట్టెలో ఉన్నారు. ఎవరూ రాకపోతే మోయడానికి నలుగురం కూడా లేము.

మొదట ఆ పచ్చ తలుపే. ఆమె గడప దాటేదాకా నిలబడతాను. మాట రాకపోతే ఈ కాగితమే ఇస్తాను. ఇందులో సారు వార్తా ఉంది, నా అబద్ధమూ ఉంది.

ఆ వీధి రాకముందే, ఈ బస్టాండులోనే చెప్పులు విడిచేశాను. బస్సుకి పావుగంటే ఉంది, జిరాక్సు తీయించాలి. పోవాల.