శోభనాద్రి గారి తువ్వాలు

ఖాళీ చోటు కనిపిస్తే శోభనాద్రి గారి తువ్వాలు భుజమ్మీద నిలవదు. బస్సు కిటికీలోంచి సీటు మీదికి, పెళ్ళి భోజనాల్లో విస్తరి ముందుకి, మంగలి కుర్చీలోకి ఎగిరిపోతుంది. మొవ్వలో అందరికీ అలవాటే. మోపిదేవి గుళ్ళో మాత్రం ప్రసాదం వరసలో వేస్తే, పూజారి గారు మొక్కుబడి అనుకుని లోపల పెట్టేసుకున్నారు.

పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేతి గురి మాత్రం తప్పలేదు.

బందరు ఫిజియోథెరపీ సెంటర్లో చేతులకు మోటారు తొడుగు వచ్చింది. అది వేళ్ళను మెల్లగా ముడిచి విప్పుతుంది. మనమూ పట్టు బిగిస్తే ఎదురుగా తెర మీద కొబ్బరికాయ బుట్టలో పడుతుంది. ఉన్నది ఒక్కటే యంత్రం. తొమ్మిదింటిలోగా పేరు రాయించుకున్న ఎనిమిది మందికే వంతు. ఆ రూలు రాసింది ఫిజియోథెరపిస్టు కనకదుర్గ. ఆమె ఇల్లు సెంటర్ వెనక వీధే.

"కాయ పడలేదేంటమ్మాయ్?" అన్నారు శోభనాద్రి గారు, తొడుగు వేసుకుని.

"గట్టిగా పట్టాలి బాబాయ్ గారూ."

"పడుతూనే ఉన్నా. మీ కంప్యూటర్ కాయలు మరీ ముదురు."

మంగళవారం పదింటికి ఆయన పేరు పిలిచారు. శోభనాద్రి గారు కుర్చీ మీద తువ్వాలు పరిచి, తను బల్ల మీదే కూర్చున్నారు.

"కూర్చోండి బాబాయ్ గారూ."

"తువ్వాలు కూర్చుందిగా!"

"దానికి పక్షవాతం రాలేదండీ!"

వెనక వంతు ప్రకాశరావు గారిది. "ఇదేం బస్సా? తియ్యవయ్యా!" అని లేచారు. కనకదుర్గకూ ఒళ్ళు మండింది. తువ్వాలు లాగెయ్యబోతుంటే గుమ్మంలో ఓ ముసలమ్మ రొప్పుతూ నిలబడింది. కోడూరు పాపాయమ్మ. పేర్లు అయిపోయాయని నిన్న తానే తిప్పి పంపిన మనిషి.

"రా అప్పా, కూర్చో," అన్నారు శోభనాద్రి గారు, తువ్వాలు తీస్తూ.

"ఆవిడ పేరు రాయలేదండీ!"

"నా పేరుందిగా, ఆ వంతు ఇవ్వు. నిన్న బస్టాండులో ఏడుస్తూ కూచుంటే ఇవాళ నేనే రమ్మన్నా. కోడూరు బస్సు పదింటికి ముందు రాదమ్మాయ్. రూలు రాసినోళ్ళు ఎప్పుడన్నా ఆ బస్సెక్కారా?"

"మరి మీ చెయ్యి?"

"నాకు ముద్ద కలిపి పెట్టడానికి మా ఆవిడ ప్రభావతి ఉంది. ఈవిడ చెయ్యి లేవకపోతే చేపలెవరు కోస్తారు? ఇంట్లో పొయ్యెలా వెలుగుద్ది?"

కనకదుర్గ పాపాయమ్మ వేళ్ళకు తొడుగు తొడిగింది.

"కొబ్బరికాయలు నాకెందుకే తల్లీ? పండుగప్ప చేపని చూపించు, ఎట్టా పడతానో చూద్దువుగాని!" అంది పాపాయమ్మ.

మర్నాడు తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. దూరం నుంచి వచ్చేవాళ్ళకు పదకొండు తర్వాత నాలుగు వంతులు.

శోభనాద్రి గారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"బానే ఉంది గానీ అమ్మాయ్, ఎదురుమొండి లంక వాళ్ళు ముందు పడవలో ఏరు దాటాలి, తర్వాత బస్సెక్కాలి. ఆ పడవ ఎన్నింటికో కనుక్కున్నావా?"

కనకదుర్గ కాగితం ఊడదీసి, పెన్ను మూత తీసింది.