మూడో పందెం కట్టని చంద్రిక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన రాధాకృష్ణ ఊరంతా చెప్పుకుంటాడు. ఆయనతో ఒక్కసారి పేకాడి చూడండి, బుద్ధుడికైనా కోపం వస్తుంది.

అమెరికాలో, హెర్న్‌డన్ అనే ఊళ్లో మా ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక పోకర్ ఆడతాం. క్వార్టర్లతోనే, అంటే పావు డాలరు నాణేలతోనే ఆట. ఎంత ఓడినా ఒక పిజ్జా ఖర్చు దాటదు, కానీ పరువు మాత్రం నిలువునా పోతుంది. ఆట తేలికే. చేతిలో తలా రెండు ముక్కలు. బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు, మూడు విడతలుగా తెరుస్తారు. విడత విడతకీ పందెం. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు మొహం పెట్టి గట్టిగా కడితే ఎదుటివాడు భయపడి ముక్కలు పడేస్తాడు. దాన్నే బ్లఫ్ అంటారు. ఆ విద్యలో నేను ఘనురాలినని నా నమ్మకం. మా ఆయన దగ్గర మాత్రం అది చెల్లలేదు. ఎంత కట్టినా పొట్ట మీద చెయ్యి వేసుకుని, "చూస్తే పోలా?" అని తనూ అంతా కట్టేస్తాడు. కాపురానికొచ్చి పాతికేళ్లు దాటినా ఆయన చేత ముక్కలు పడేయించలేకపోయాను. అయినా ప్రతి ఆదివారం ప్రయత్నిస్తూనే ఉంటాను. కుక్క తోక వంకర!

చంద్రిక మా బేస్‌మెంట్‌లో అద్దెకు దిగింది. సిద్దిపేట పిల్ల. ఇక్కడే ఎంఎస్ చేసి, ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసే ఉద్యోగంలో ఉండేది. ఒక ఆదివారం కరివేపాకు కోసం పైకి వచ్చి, ఆట చూస్తూ నిలబడింది. "నన్ను గూడ ఆడనిస్తరా ఆంటీ?" అంది. పక్కింటి అనీష్ కుర్చీ జరిపాడు. పాపం పిల్ల, అల్లరైపోతుంది అనుకున్నాను.

అల్లరైంది మేమే. అనీష్ మీద మూడు విడతలూ గట్టిగా కట్టి, అతను నిట్టూర్చి ముక్కలు పడేశాక, తన చేతిలో ఏమీ లేదని చూపించి నవ్వింది. మరో ఆటలో మా ఆయనే ఎదురు. మొదటి పందెం కట్టింది. ఆయన పొట్ట నిమురుకుని కట్టాడు. రెండోది కట్టింది. ఆయన మళ్లీ కట్టాడు. చివరి ముక్క తెరిచాక నేనైతే ఉన్నదంతా ముందుకు తోసేదాన్ని. చంద్రిక ఆయన మొహం వంక ఒకసారి చూసి, ముక్కలు బోర్లా పెట్టేసి, "మీదే అంకుల్" అంది. ఆయన తిప్పి చూపిస్తే ఏముంది? రెండు నాలుగులు!

"నాలుగులకి ఇంతసేపు కూర్చున్నారా? సిగ్గుండాలి!" అని నేను ఆయన మీద పడ్డాను. తర్వాత చంద్రిక మీద పడ్డాను. "ఇంకొక్కసారి కట్టొద్దూ? అంత పోశాక వదిలేస్తారా ఎవరైనా?"

"పోసింది పోయింది ఆంటీ. రెండుసార్లు లేవనోడు మూడోసారి లేస్తడా?" అంది, కరివేపాకు తీసుకుని లేస్తూ. ఆ మొహంలో ఉక్రోషం లేదు, ఏమీ లేదు. ఇన్నేళ్లలో నాకు తట్టని సంగతి దానికి ఒక్క పూటలో తట్టింది. ఆ రోజు నిజంగా నోరు వెళ్లబెట్టాను.

ఆ చలికాలం దాని ఉద్యోగం పోయింది. హెచ్‌వన్ వీసా కదా, గడువులోగా ఇంకో కంపెనీ తీసుకోకపోతే దేశం వదిలి వెళ్లాలి. ఉద్యోగాలు ఇప్పించే కన్సల్టెన్సీ ఆయన ఎవరో దొరికాడు. దాని రెండేళ్ల అనుభవాన్ని ఏడేళ్లు చేసి, ఎన్నడూ చూడని బ్యాంకు ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టాడు. "మార్కెట్‌లో అందరూ చేసేదేనమ్మా" అన్నాడట. నాకూ తప్పనిపించలేదు. "లాగించెయ్యవే, నీకు రాని బ్లఫ్ఫా!" అన్నాను. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో అది మొదటి రౌండ్ దాటింది. రెండోదీ దాటింది. మూడోది మేనేజర్‌తో. అదొక్కటీ అయితే ఉద్యోగం, వీసా, అన్నీ నిలబడతాయి. గడువు వారంలోకి వచ్చేసింది.

ఆ రోజు కింద వైఫై సరిగ్గా లేదని పైకొచ్చి, మేము పేకాడే బల్ల దగ్గరే లాప్‌టాప్ పెట్టుకుంది. నేను వంటింట్లో పెసరట్లు పోస్తూ చెవులు అటే వేశాను. ఏం మాట్లాడిందండీ! బ్యాంకు తనే కట్టించినట్టు చెబుతోంది. అవతలాయన గొంతు మాత్రం చల్లగా, తొందర లేకుండా ఉంది. ఎంత చెప్పినా, "బాగుంది, ఇంకొంచెం వివరంగా చెప్పండి" అంటాడు. చివరికి అడిగాడు, "ఆ సిస్టమ్ ఫెయిలైన రోజు మీరు సొంతంగా తీసుకున్న నిర్ణయం ఏమిటి?"

చంద్రిక చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. నేను వంటింట్లోంచి అట్లకాడ ఊపుతూ సైగ చేశాను. లాగించు, ఏదో ఒకటి చెప్పు! అది నా వంక చూసింది. తర్వాత స్క్రీన్ వంక చూసి నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. "సర్, ఆ ప్రాజెక్టు నేను చేయలేదు. నాకున్నది రెండేళ్ల అనుభవమే. మిగతాది అబద్ధం. ముందే చెప్పాల్సింది, సారీ."

పెనం మీద అట్టు మాడిపోతున్నా నేను కదల్లేదు. అమ్మో! అంత ధైర్యం ఎక్కడ దాచుకుందో ఈ బక్క పిల్ల! గెలుస్తున్న ఆట, ఉద్యోగం ఇంకొక్క అబద్ధం దూరంలో ఉంది. అలాంటి చోట తనంతట తాను ముక్కలు పెట్టేసే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. దేవుడి గదిలో కూడా నాకు ఒళ్లు అలా జలదరించలేదు. అవతలాయన, నిజం చెప్పినందుకు థాంక్స్ అన్నాడు, ఈ ఉద్యోగానికి ఇక ముందుకు వెళ్లలేమన్నాడు, మర్యాదగా సెలవు తీసుకున్నాడు.

కంపెనీ వాళ్లు చెప్పినట్టున్నారు, కాసేపటికే కన్సల్టెన్సీ ఆయన ఫోను. "నోటి కాడి కూడు తన్నేసుకున్నావు గదమ్మా!" అని అరుస్తుంటే నాకూ వినపడింది. అది ఫోను పెట్టేదాకా ఆగి నేనూ అందుకున్నాను. "పిచ్చా నీకు? పది నిమిషాలు ఓపిక పట్టలేకపోయావా?"

"ఆయన మన అంకుల్ అసొంటోడే ఆంటీ" అంది. "రెండు రౌండ్ల కాయితాలన్నీ ముంగట పెట్టుకున్నడు. చూడకుండ ఇడిశిపెట్టడు. ఇయ్యాల తప్పించుకున్నా రేపు పనిల దొరుకుత. అప్పుడు నౌకరీ ఒక్కటే కాదు, నా పేరు వోతది, మళ్ల ఈ దేశం గడప తొక్కనియ్యరు. ఇప్పుడైతే ఉన్నది నా దగ్గర ఉంటది గదా." లాప్‌టాప్ మూసి, "అయినా అబద్ధం చెప్పి చెప్పి యాష్టకొచ్చింది" అంది. మాడిన అట్టు పారేసి ఇంకోటి పోసి పెట్టాను. కడుపునిండా తింది.

గడువులోగా ఇంకో ఉద్యోగం దొరకలేదు. ఇండియాకి వెళ్లేముందు ఆదివారం యథాప్రకారం ఆటకి కూర్చుంది. నా మీద మూడు విడతలూ గట్టిగా కట్టింది. ఈ సత్యసంధురాలు అబద్ధం ఆడుతుందా అని మంచి జతను పడేశాను. తిప్పి చూపిస్తే చేతిలో సున్నా!

"ఓసి దొంగమొహమా! ఇంకా బ్లఫ్ మానలేదా?"

"మీరు పడేస్తరు ఆంటీ, అందుకే కట్టిన" అంది. మా ఆయన కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు.

డల్లెస్ ఎయిర్‌పోర్టుకి మేమిద్దరం వెళ్లి దింపాం. దారి పొడుగునా అదే మాట్లాడింది. హైదరాబాద్‌లో ఉద్యోగాలకేం కొదవ లేదంది, అమ్మ చేతి సర్వపిండి తినొచ్చంది, ఎప్పటికైనా మళ్లీ వస్తానంది. పెట్టెలు దించాక నవ్వుతూ నా ఎదుట నిలబడి, "నాకేం బాధ లేదు ఆంటీ, మంచిగనే ఉన్న. మీరు పైలం" అంది. గొంతు ఎక్కడా వణకలేదు. మొహం కూడా అచ్చం ఆదివారం నా మీద కట్టినప్పటి మొహమే. ఆ నవ్వు చూసి నేను నమ్మేసి కారెక్కాలి. దాని లెక్క అది.

నేను దాని రెండు చేతులూ పట్టుకున్నాను. "చంద్రికా, ఈసారి నేను పడెయ్యను. చూడకుండా వదలను" అన్నాను.

నవ్వు ఇంకాసేపు అలాగే నిలిచింది. తర్వాత పెదవి వంకర పోయింది. "ఆంటీ, నాకు పోబుద్ధి అయితలేదు" అని నా భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. మా ఆయన పెట్టెల బండి పట్టుకుని పక్కకు తిరిగాడు. వెనక కార్లవాళ్లు హారన్లు కొడుతున్నా నేను కదల్లేదు.