గురువారం జరగబోయేదానికి ఆదివారం సాక్ష్యం

మా వడమాలపేట చర్చిలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాలుంటాయి. దేవుడు మేలు చేసినవాళ్లు లేచి, ఏం జరిగిందో చెప్పి, అందరిచేతా స్తోత్రం పలికిస్తారు. జ్వరం తగ్గినా సాక్ష్యమే, తప్పిపోయిన మేక దొరికినా సాక్ష్యమే. చెప్పినవాళ్లు మిఠాయి పంచాలి. నాకు బోధ కంటే మైసూర్‌పాకే ఎక్కువ గుర్తుంటుంది.

ఒక ఆదివారం పాస్టరయ్య, మనకు జరగబోయేదంతా దేవుడికి ముందే తెలుసని బోధించారు. నాకు బుర్ర వెలిగింది. ఎనిమిదిలోనే బడి మానేసిన బుర్ర, ఎప్పుడోగాని వెలగదు. వెలిగితే ఆర్పడం ఎవరి తరమూ కాదు.

ఆ గురువారం తిరుపతిలో నాకు డ్రైవింగ్ పరీక్ష. లైసెన్సు తెస్తే పాలవ్యాను నా చేతికిస్తానని దాని యజమాని మాటిచ్చాడు. తేకపోతే ఐరాలలో ఉన్న తన బావమరిదిని పిలిపిస్తాడు, నేను మళ్లీ అరటిగెలలు మోసుకోవాలి.

నేను పాసవడం దేవుడికి ఇప్పటికే తెలుసు కదా. తెలిసినదానికి ఆయన్ని గురువారం దాకా కాచుకోబెట్టడం ఎందుకు? ముందే మిఠాయి కొనుక్కొచ్చి, మరుసటి ఆదివారం దాకా ఆగకుండా, ఆ సాయంత్రం ఆరాధనలోనే లేచి నిలబడ్డాను.

"గురువారం నాకు లైసెన్సు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం."

సంఘం అలవాటుకొద్దీ ఆమెన్ అనేసింది. ముందు వరసలో ఉన్న మా అవ్వ ఒక్కతే వెనక్కి తిరిగి నావంక చూసింది.

గురువారం బండి ముందుకు బాగానే పోయింది. వెనక్కి తిప్పేటప్పుడు గుర్తుకు నిలబెట్టిన కడ్డీని ఒకటి పడగొట్టాను. ఆ కంగారులో రెండోదీ పడింది. పరీక్ష పెట్టినాయన "మళ్లీ రాప్పా" అన్నాడు.

ఆదివారం చర్చి గుమ్మంలోనే అవ్వ పట్టుకుంది.

"లైసెన్సు యాడరా?"

"దేవుని దగ్గర ఉండాది అవ్వా."

"మైసూర్‌పాకు మాత్రం మా కడుపులో ఉండాది."

ఆరాధన అయ్యాక పాస్టరయ్య దగ్గరికి పోయాను. "అయ్యా, నేను ఫెయిలయ్యేది దేవుడికి తెలుసునా?"

"తెలుసప్పా."

"మరి నేను స్తోత్రం చెప్తా ఉంటే ఎట్లా ఊరకున్నాడు?"

ఆయన నవ్వు ఆపుకున్నారు. "తెలిసింది ఆయనకు. నీకు తెలిసినట్టు చెప్పింది నువ్వు. అయినా మధ్యలో ఆపకుండా చివరిదాకా వినినాడు సూడు."

ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. కడ్డీలు పడతాయని తెలిసీ నా స్తోత్రం విన్నవాడి దగ్గర ఇంక దాచేదేముంది? ఈసారి పాసయ్యానని చెప్పలేదు. "సామీ, నాకు వెనక్కి తిప్పడం రాదు" అని మోకరించాను. ఆయనకు అదీ తెలిసే ఉంటుంది. నేను ఒప్పుకోవడమే మొదటిసారి.

పాలవ్యాను యజమాని ఇంకొక్కసారి చూస్తానన్నాడు. తోటలో అరటిబోదెలు నిలబెట్టి, వాటి మధ్య అతని వ్యానునే వెనక్కి తిప్పుతూ నేర్చుకున్నాను. చాలా బోదెలు ప్రాణాలు విడిచాయి. కడ్డీలు మాత్రం రెండో పరీక్షలో నిలబడ్డాయి.

ఆ వచ్చిన ఆదివారం మళ్లీ లేచాను. నోరు తెరిచేలోగా అవ్వ చెయ్యి ఎత్తింది.

"ఒరే, ఇది జరిగిందా, జరగబోయేదా?"

పాసైన కాగితం తీసి ఇచ్చాను. అవ్వకు చదువు రాదు, దాన్ని పాస్టరయ్యకు అందించింది. ఆయన చదివి తల ఊపాకే సంఘం ఆమెన్ అన్నది.